కోసిన పైసలు ఏడబోయినయ్ దొరా?

తెల్లారితే బాచుపల్లి రోడ్డు మీద రెండు రకాల మనుషులు కనపడతారు. మెడలో గుర్తింపు కార్డు వేసుకొని హైటెక్ సిటీకి పోయేవాళ్ళు ఒకరు. టిఫిన్ డబ్బా పట్టుకొని మందుల ఫ్యాక్టరీల గేట్లకు, అపార్ట్‌మెంట్ల సెల్లార్లకు, కట్టే బిల్డింగుల మీదికి పోయేవాళ్ళు ఇంకొకరు. మొదటివాళ్ళకు జబ్బు చేస్తే కార్డు చూపగానే కార్పొరేట్ దవాఖాన తలుపు తెరుచుకుంటుంది. రెండోవాళ్ళు మిత్తికిచ్చేవాని తలుపు కొట్టాలె. ఊడ్చేది, కడిగేది, మోరీలు తీసేది ఎవరో, వాళ్ళ కులమేందో మీకు నేను చెప్పాల్నా?

మరి మనకు బీమా లేదా? ఉన్నది. దాన్ని దొంగిలిస్తున్నారు.

పది మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోట, నెలకు 21 వేల దాకా జీతం ఉన్నవాళ్ళకు ఇ.ఎస్.ఐ. హక్కు. 2019 జూలై నుంచి కార్మికుని వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. 14 వేల జీతమైతే మన జేబు నుంచి 105 రూపాయలు, యజమాని జేబు నుంచి 455. కానీ జరిగేదేంది? రెండు వాటాలూ మన జీతంలోనే కోస్తున్న కాంట్రాక్టర్లున్నారు. ఇది చట్టానికి పూర్తి విరుద్ధం. కోసినవైనా కట్టరు కొందరు. హౌస్‌కీపింగ్ పనిచేసే ఒక అక్క ఏడాది చీటీలు దాచుకున్నది. ప్రతి నెలా కోత ఉన్నది. కడుపునొప్పితో డిస్పెన్సరీకి పోతే "నీ పేరు మీద డబ్బు జమ కాలేదమ్మా" అన్నారు. ఫ్యాక్టరీ వాళ్ళనడిగితే "కాంట్రాక్టర్ని అడుగు" అన్నారు. కాంట్రాక్టరేమో మారిపోయిండు!

అక్కడే మనల్ని మోసం చేస్తున్నారు. చట్టం కాంట్రాక్టర్‌తో ఆగదు. మనతో పని చేయించుకునే అసలు యజమానే ముందుగా చందా కట్టాలె. కట్టి, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకోవాలె. "వాడు మా మనిషి కాదు" అనే మాట చెల్లదు. మన జీతంలో కోసి మింగినవానికి ఏడాదికి తగ్గకుండా, మూడేళ్ళ దాకా జైలు అని రాసి ఉన్నది.

ఈ చట్టం ఎవరి దయా కాదు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసింది బాబాసాహెబ్ అంబేద్కర్. కార్మికుల ఆరోగ్య బీమా పథకం తయారుచేసే పని 1943లో ప్రొఫెసర్ అదార్కర్‌కు అప్పగించింది ఆ శాఖే. 1944లో నివేదిక వచ్చింది. 1948లో చట్టమైంది. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రత కోడ్ నడుస్తున్నది. పేరు మారింది, యజమాని బాధ్యత పోలేదు.

"ఆరోగ్యశ్రీ ఉన్నది కదా, ఇ.ఎస్.ఐ. ఎందుకు?" అంటారు కొందరు. ఆరోగ్యశ్రీ ఉండాలె, 10 లక్షలూ ఉండాలె. కానీ అది పథకం. బకాయిలు రాలేదని 2025 సెప్టెంబర్‌లో ప్రైవేటు దవాఖానలు ఆ సేవలు ఆపిన సంగతి మరిచిపోయినమా? మంచాన పడ్డ రోజుల కూలి ఆరోగ్యశ్రీ ఇయ్యదు. ఇ.ఎస్.ఐ. ఇస్తది: జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం, కాన్పుకు 26 వారాల జీతం. ప్రైవేటు బీమావాడు షుగరుందా, బీపీ ఉందా అని ముందే అడుగుతాడు. పాత జబ్బుకు మూడేళ్ళ దాకా ఆగమంటాడు. ఇ.ఎస్.ఐ.లో చేరేటప్పుడు ఆ ప్రశ్నే లేదు.

2024 మే 7న వానకు ఇదే బాచుపల్లిలో కట్టే అపార్ట్‌మెంట్ గోడ కూలి, కూలీలు తలదాచుకున్న షెడ్డు మీద పడి ఏడుగురు చనిపోయారు. అందులో పసివాడు కూడా ఉన్నాడు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి పొట్ట చేతపట్టుకొని వచ్చినవాళ్ళు. ఇట్లాంటప్పుడు నాయకులు వస్తారు, ఎక్స్‌గ్రేషియా అంటారు. ఎక్స్‌గ్రేషియా అంటే దయ. బిల్డింగ్ పని కూలీలకు కూడా 2015 నుంచి ఇ.ఎస్.ఐ. వర్తిస్తది. పనిలో ప్రాణం పోతే ఆధారపడ్డ కుటుంబానికి జీతంలో 90 శాతం నెలనెలా పెన్షన్. దానికి పనిలో చేరిన మొదటి రోజు నుంచే హక్కు. యజమాని పేరు ఎక్కించకపోయినా, కార్పొరేషన్ ఆ కుటుంబానికి కట్టి యజమాని దగ్గర వసూలు చేయవచ్చు. ఈ మాట ఎన్ని గుడిసెల్లో తెలుసు?

ఇ.ఎస్.ఐ. దవాఖానలు బాగున్నాయని మేము అనడం లేదు. బాచుపల్లి నుంచి సనత్‌నగర్ పోవాలంటే ఒక రోజు కూలి పోతది. 2019లో మందుల కొనుగోలు కుంభకోణంలో బీమా వైద్య శాఖ డైరెక్టర్‌నే ఏసీబీ అరెస్టు చేసింది. మన రోగాల మీద కూడా తిన్నారు! అయినా బావిలో పాము ఉన్నదని నీళ్ళు వదులుకుంటమా? పామునే తరమాలె.

అన్నలారా, అక్కలారా! జీతం చీటీ అడిగి తీసుకోండి, దాచండి. ఇ.ఎస్.ఐ. నంబరు అడగండి. కాంట్రాక్టర్ మారినా నంబరు ఒక్కటే, కొత్తది ఒప్పుకోవద్దు. నెలనెలా జమ అయిందో లేదో బస్తీలో చదువుకున్న పిల్లలతో చూపించుకోండి. దెబ్బ తగిలిన రోజే ప్రమాద రిజిస్టర్లో రాయించండి. కార్యకర్తలారా! ఒక్కొక్కరిని పంపితే పని పోతది. గేటు గేటుకు జాబితా కట్టి, సంఘం పేరు మీద ఆదర్శనగర్ ఇ.ఎస్.ఐ. ఆఫీసుకు దరఖాస్తు పెట్టండి. వినకపోతే ఇ.ఎస్.ఐ. కోర్టు ఉన్నది.

మనం అడుక్కోవడం లేదు. మన 105 రూపాయల లెక్క అడుగుతున్నాం.

జై భీమ్!