నెల తప్పక ముందే

గోదావరి జిల్లాల నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం వ్రాశారు. పెళ్ళయి రెండేళ్ళు. 2025 శ్రావణంలో నెల తప్పింది. ఇంటిల్లిపాదీ సంతోషించారు. కార్తీకంలో స్కానింగు తీసినప్పుడు, కడుపులోని బిడ్డకు వెన్నెముక మూసుకోలేదని డాక్టర్లు చెప్పారు. బిడ్డ దక్కలేదు. ఆ దుఃఖం చాలదన్నట్టు, భాద్రపద పూర్ణిమ నాడు, అంటే సెప్టెంబరు 7న, చంద్రగ్రహణం పట్టిన రాత్రి కోడలు కదలకుండా పడుకోక, లేచి మంచినీళ్ళు త్రాగడం వల్లనే ఇంత పని జరిగిందని అత్తగారు వచ్చేపోయే వారందరితోనూ చెబుతున్నారట. ఇప్పుడు మళ్ళీ బిడ్డను కనమని తొందర. "ఈసారి ముందుగానే ఇద్దరం డాక్టరుకు చూపించుకుందాం అంటే, ఆడవాళ్ళ ఆసుపత్రిలో నాకేం పని, నువ్వు వెళ్ళిరా అంటున్నారు మావారు. ఆయన అన్నది నిజమేనా?" అని అడిగారు.

ముందు గ్రహణం సంగతి తేల్చుకుందాం. ఉత్తరంలో తేదీలన్నీ ఇచ్చారు గనుక లెక్క కష్టం కాదు. జూలై 4న మీకు చివరిసారి బహిష్టు. అక్కడి నుంచి రెండు వారాలకు, జూలై 18 ప్రాంతంలో, గర్భం నిలిచి ఉండాలి. మెదడూ వెన్నుపామూ తయారయ్యే భాగం మొదట చదునుగా చాపలా ఉంటుంది. క్రమంగా దాని అంచులు రెండూ పైకి లేచి, ఒకదానితో ఒకటి కలుసుకుని గొట్టంలా మూసుకుంటాయి. గర్భం నిలిచిన 28వ రోజుకల్లా ఈ పని పూర్తి కావాలి. అంటే మీ విషయంలో ఆగస్టు 15 నాటికి. గ్రహణం పట్టింది సెప్టెంబరు 7న. అప్పటికి గడువు దాటి మూడు వారాలు గడిచిపోయింది. ఆ రాత్రి మీరు మంచినీళ్ళు కాదు గదా, కూర్చుని కూరగాయలన్నీ తరిగినా జరిగేదేమీ లేదు. ఈ లెక్క అత్తగారికి చదివి వినిపించండి. ఆవిడ ఒప్పుకుంటారని నేను హామీ ఇవ్వలేను గాని, మీ మనసుకైనా కాస్త ఊరట.

ఇదే లెక్కలో ఇంకొక సంగతి ఉంది. తెలుగు పాఠాలు చెప్పుకుని బ్రతికేదాన్ని గనుక మాటల మీదికి పోతుంది నా ఆలోచన. మన ఇళ్ళలో గర్భానికి మొదటి వార్త "నెల తప్పింది" అన్న మాటే. మీకు నెల తప్పింది ఆగస్టు మొదటి తేదీన. నాలుగు రోజులు ఆగి చూస్తారు, అమ్మకు ఫోను చేస్తారు, శ్రావణ శుక్రవారం వెళ్ళాక ఆసుపత్రికి వెళ్దామనుకుంటారు. డాక్టరమ్మ మాత్రలు వ్రాసి ఇచ్చే సరికి ఆ గొట్టం మూసుకోవడమో, మూసుకోకపోవడమో అయిపోయే ఉంటుంది. గుండె కొట్టుకోవడం కూడా అప్పటికే మొదలై ఉంటుంది. అందుకే డాక్టర్లు ఇప్పుడు నెల తప్పక ముందే రమ్మంటున్నారు.

ముందుగా వెళ్తే ఇచ్చేది ఏమంత పెద్ద మందు కాదు. ఫోలిక్ యాసిడ్ మాత్ర. 1941లో పాలకూర నుంచి ఈ పదార్థాన్ని వేరుచేసిన అమెరికా శాస్త్రజ్ఞులు, ఆకు అనే అర్థం గల లాటిన్ మాటను బట్టి దానికి ఆ పేరు పెట్టారు. దాన్ని ప్రయోగశాలలో తయారు చేసే మార్గం 1945లో తేల్చింది అమెరికాలోని లెడర్లీ సంస్థలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వాన పనిచేసిన బృందం. ఆయన పుట్టిన సీమలోనే ఈ మాత్ర మాట తెలియకపోతే ఎంత అన్యాయం! వెన్నెముక లోపంతో ఒక బిడ్డను పోగొట్టుకున్న తల్లులకు మళ్ళీ గర్భం రాకముందు నుంచే ఇది ఇచ్చి చూసిన పరిశోధన ఫలితాలు 1991లో వెలువడ్డాయి. ఆ లోపం మళ్ళీ రావడం నూటికి 72 వంతులు తగ్గింది.

సాధారణంగా రోజుకు 400 మైక్రోగ్రాములు చాలు. గర్భానికి ప్రయత్నించే ముందు కనీసం ఒక నెల, మూడు నెలలయితే మరీ మంచిది, మొదలుపెట్టి మూడో నెల నిండే దాకా వేసుకోవాలి. మీవంటి వారికి మాత్రం ఈ మోతాదు చాలదు. ఒకసారి అటువంటి బిడ్డను పోగొట్టుకున్న వారికి పదింతలు, అంటే 4 మిల్లీగ్రాములు అవసరం. అది డాక్టరు వ్రాసి ఇవ్వవలసినదే. పక్కింటావిడ వేసుకున్న మాత్రే చాలుననుకోకండి. తోటకూర, పాలకూర, పెసలు, శనగలు రోజూ తినండి, ఆకుకూర ఉడికించిన నీళ్ళు పారబోయకండి. కాని ఆకుకూరలతోనే సరిపెట్టుకుంటానంటే కుదరదు. మాత్ర వేసుకున్నా ఒక్కొక్కరికి ఈ లోపం రావచ్చు. అందుచేత ఇంతకు ముందు మాత్ర వేసుకోకపోవడమే మీ తప్పని ఎవరైనా అంటే, ఆ మాట కూడా నమ్మవద్దు. గ్రహణం పోయి మాత్ర వచ్చిందే గాని నిందలో తేడా ఏముంది?

ఇక మీవారి ప్రశ్న. ఆడవాళ్ళ ఆసుపత్రిలో ఆయనకేం పని?

గర్భం నిలవడాన్ని సుశ్రుతుడు పైరు మొలకెత్తడంతో పోల్చాడు. ఋతువు, క్షేత్రం, నీరు, బీజం - నాలుగూ కుదరాలన్నాడు. మనవాళ్ళు ఈ నాలుగింటిలో క్షేత్రం ఒక్కటే పట్టుకున్నారు. నేల బాగాలేదన్నారు, నేలకు నోములు పట్టించారు, మరీ అయితే నేలనే మార్చేశారు. విత్తనం మాట ఎత్తిన వారు తక్కువ. పొలంలో ఇటువంటి వ్యవసాయం చేసే రైతు ఎక్కడైనా ఉంటాడా? షోడశ సంస్కారాలలో మొట్టమొదటిది గర్భాధానం. దానికి ముహూర్తం ఇద్దరి పేరునా పెట్టిస్తారు గాని, ఆసుపత్రి చీటీ మాత్రం ఒక్కరి పేరునే!

పురుషుని శరీరంలో బీజకణం తయారు కావడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది. అది పక్వానికి వచ్చేందుకు మరి కొన్ని రోజులు. కాబట్టి దసరాకు గర్భం నిలిస్తే, దాని వెనుక ఉన్నది ఆషాఢంలో ఆయన త్రాగిన సిగరెట్లూ, నమిలిన గుట్కా, పట్టిన జ్వరమూను. మానదలచినవి మూడు నెలల ముందుగా మానాలనడానికి కారణం ఇదే. సిగరెట్టు బీజకణాలను తగ్గిస్తుంది, ఉన్నవాటిని చెడగొడుతుంది. ఆ పొగ భార్యకూ తప్పదు. మితిమీరిన త్రాగుడుదీ అదే దారి. కండలు పెరగడానికని వ్యాయామశాలల్లో కొందరు కుర్రవాళ్ళు హార్మోను ఇంజెక్షన్లు తీసుకుంటున్నారు. మగతనం పెంచుతాయనుకునే ఆ ఇంజెక్షన్లే బీజకణాల తయారీని ఆపేస్తాయని వాళ్ళకు చెప్పేవారు లేరు. పిల్లలు కలగని దంపతులలో దాదాపు సగం మంది విషయంలో పురుషుని వైపు కారణం కూడా ఉంటుంది. అయినా ముందు పరీక్షలన్నీ ఆమెకే చేయిస్తారు. అన్నిటికన్నా సులువైన పరీక్ష ఆయనది. అది చిట్టచివర!

రక్తం సంగతి చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. పురుషులలోనూ నూటికి 25 మందికి ఉంది. గర్భం వచ్చాక ఇనుము మాత్రలతో పరుగెత్తే బదులు ముందే రక్తం పట్టించుకుంటే కాన్పునాటికి భయం ఉండదు. ఆ మాత్ర కాఫీతోనో టీతోనో వేసుకుంటే ఒంటికి పట్టదు. నిమ్మరసంతో వేసుకోండి.

అదే రక్తంతో థలసీమియా, సికిల్ సెల్ పరీక్ష కూడా చేయించుకోవాలి. ఈ లోపాన్ని దాచుకున్న వాహకులకు తమకేమీ జబ్బు ఉండదు. హాయిగా తిరుగుతూ ఉంటారు. భార్యాభర్తలిద్దరూ వాహకులయితేనే ప్రమాదం. అప్పుడు ప్రతి గర్భానికీ నాలుగింట ఒక వంతు అవకాశం బిడ్డకు జబ్బు రావడానికి. దీన్ని చాలామంది "నలుగురు పిల్లల్లో ఒకరికి" అని అర్థం చేసుకుని, మొదటి బిడ్డకు వచ్చింది గనుక మిగిలిన ముగ్గురికీ రాదని ధైర్యపడతారు. అలా కాదు. ప్రతిసారీ ఆ నాలుగో వంతు అవకాశం మళ్ళీ మొదటికే వస్తుంది. ఆమె వాహకురాలని తేలిన క్షణం నుంచి భారమంతా ఆయన పరీక్ష మీద ఉంటుంది. అప్పుడు కూడా నాకేం పని అంటారా? మీది మేనరికమో కాదో వ్రాయలేదు. మేనరికమైతే డాక్టరుకు తప్పక చెప్పండి. బావామరదళ్ళకు వారసత్వంలో ఎనిమిదో వంతు, మేనమామకూ మేనకోడలికీ నాలుగో వంతు ఉమ్మడిగా ఉంటుంది. ఒకే తాత నుంచి వచ్చిన లోపం ఇద్దరిలోనూ దాగి ఉండే అవకాశం ఎక్కువ. భయపడమని కాదు, ముందే తెలుసుకోమని. జాతకాలు రెండూ పక్కపక్కన పెట్టి గంటలకొద్దీ చూసేవాళ్ళం, రక్తపరీక్ష కాగితాలు రెండు పక్కపక్కన పెట్టి చూడలేమా?

మిగిలినవి త్వరగా చెబుతాను. రుబెల్లా పెద్దలకు చిన్న జ్వరం, నాలుగు దద్దుర్లే గాని, గర్భంలోని బిడ్డ కళ్ళనూ చెవులనూ గుండెనూ దెబ్బ తీస్తుంది. మన దేశంలో పిల్లలందరికీ ఆ టీకా వేయడం 2017లో మొదలయింది గనుక, అప్పటికే పెద్దవాళ్ళయిన చాలామందికి అది పడలేదు. గర్భంతో ఉండగా వేయరు. ముందే వేయించుకుని ఒక నెల ఆగాలి. షుగరు, థైరాయిడ్ ఉన్నవారు వాటిని ముందే అదుపులోకి తెచ్చుకోవాలి. బిడ్డ అవయవాలు ఏర్పడేది ఆ తొలి వారాలలోనే. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ వంటి మందులు బిడ్డకు హాని చేస్తాయి. అలాగని భయపడి సొంతంగా మానేస్తే తల్లికే ప్రమాదం. డాక్టరే మార్చి ఇవ్వాలి.

డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళేటప్పుడు పాత స్కానింగు కాగితాలు తప్పక తీసుకువెళ్ళండి, వాటిని బట్టే మాత్ర మోతాదు నిర్ణయిస్తారు. మళ్ళీ ఎప్పుడు ప్రయత్నించవచ్చో కూడా ఆమెనే అడగండి. మీరు వాడే మందుల పేర్లన్నీ ఒక కాగితం మీద వ్రాసుకోండి. ఆ కాగితం రెండోవైపు మీవారి మందులూ, అలవాట్లూ ఆయన చేతనే వ్రాయించండి.