నిలుచున్నవానికి ఆసనమేది?



‘క్షవరం’ తప్పు, ‘క్షౌరం’ ఒప్పు అని ముప్పయ్యేళ్లు పిల్లలచేత దిద్దించాను. ఆ పని చేసేవాని నడుము ఏమవుతోందో మాత్రం ఒక్కనాడూ అడిగినవాణ్ణి కాను. ఆమధ్య మా నర్సీపట్నంలో నాకు క్షౌరం చేస్తూ, ఒకప్పటి నా శిష్యుడే, కత్తెర ఆపి గోడ పట్టుకొని నిలబడిపోయాడు. “ఏం లేదు మాస్టారండీ, సాయంత్రానికి నడుం పట్టేస్తాదండి” అన్నాడు.

ఈ సంగతి చెబితే ఒక మిత్రుడు “వాళ్లకది అలవాటే కదండీ” అని తేల్చివేశారు. నా కోపమంతా ఆ మాటమీదనే. అలవాటైనది ఓర్చుకోవడం, నొప్పి కాదు.

చిన్నపిల్లవాడు వస్తే కుర్చీ చేతులమీద అడ్డంగా చెక్క వేసి కూర్చోబెడతారు. తల చేతికి అందే ఎత్తున ఉండాలని ఆ వృత్తివారికి మరొకరు నేర్పనక్కరలేదు. నావంటి పొట్టివానికి మాత్రం చెక్క వేయరు, మర్యాద కాదు గనుక, తామే వంగుతారు. పొడగరి వస్తే భుజాలకు పైన చేతులెత్తి అరగంట! పని మోచేతి ఎత్తుకు దగ్గరగా ఉంటే మెడకూ భుజాలకూ శ్రమ తగ్గుతుంది. కాలితో తొక్కితే లేచే, చుట్టూ తిరిగే హైడ్రాలిక్ కుర్చీ, పాదాలకింద మందపాటి రబ్బరు చాప, పక్కన చక్రాల స్టూలు. ఇదేమీ బ్రహ్మవిద్య కాదు.

నిలబడి పనిచేసేవారికి వీలైనప్పుడు కూర్చునే ఏర్పాటుండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే పెట్టారు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల సిబ్బందికీ ఆ హక్కు కల్పించాయి. సొంత కొట్టులో తానే యజమాని, తానే కూలీ అయినవాడు ఎవరిమీద దావా వేస్తాడు? 2020లో మొదలైన ‘జగనన్న చేదోడు’ కింద కొట్టున్న నాయీబ్రాహ్మణులకు ఏడాదికి 10,000 రూపాయలిచ్చారు. మంచిదే. కాని అడ్డు డబ్బొక్కటే కాదు, మనమూ అడ్డే.

“స్టూలు వేసుకోరాదటోయ్?” అన్నాను.

“కూసుని చేస్తే పెద్దోళ్లు పొగరనుకుంటారండి.”

కుర్చీలో కూర్చుని పాఠం చెప్పిన నన్ను ఏ తండ్రీ పొగరుబోతనలేదే!

మరుసటి నెల మా ఇంటి స్టూలు పట్టుకెళ్లాను. మెడవద్ద సవరించేటంతసేపూ కూర్చున్నాడు. గుమ్మంలో ఒక పెద్దమనిషి కనబడగానే దిగ్గున లేచాడు. నేను చేయి పట్టుకుని మళ్లీ కూర్చోబెట్టాను. ఆ పెద్దమనిషి నావంక చూసిన చూపు ఇంకా గుర్తుంది.