చెట్టునీడకు వెడీలియానే ఎందుకు?

ఖమ్మం నుంచి భద్రాచలం దాకా పెరడున్న ఇళ్లన్నిటికీ ఒకటే చిక్కు. వాకిట్లో వేపో మామిడో ఉంటుంది. దాని కింద గడ్డి నిలవదు, గులాబీ మొగ్గ తొడగదు, బంతి సన్నగా సాగి పక్కకు ఒరిగిపోతుంది. పోనీ కొమ్మలు కొట్టేద్దామంటే, మే నెలలో 45 డిగ్రీలు తాకే ఈ ప్రాంతంలో ఆ నీడే పెద్ద ఆస్తి. నర్సరీకి వెళ్లి సంగతి చెబితే ఎక్కువసార్లు చేతికి వచ్చేది వెడీలియా.

దాన్ని ఎందుకు ఇస్తారో అర్థం చేసుకోవచ్చు. చవక. తీగముక్క గుచ్చితే చాలు, వారాల్లో నేలను కప్పేస్తుంది. ఎండలోనూ నీడలోనూ బతుకుతుంది, ఏడాది పొడవునా పసుపు పూలు పూస్తుంది. పట్టణాల్లో డివైడర్ల మీద పరుచుకుని కనిపించేది చాలాచోట్ల ఇదే. అయితే దీని పుట్టిల్లు మధ్య అమెరికా, కరీబియన్ దీవులు. ప్రపంచంలో అత్యంత హాని చేసే 100 చొరబాటు జాతులంటూ అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ (ఐయూసీఎన్) నిపుణులు తయారుచేసిన జాబితాలో దీని పేరూ ఉంది. పసిఫిక్ దీవుల్లో, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఇది తోటల్లోంచి బయటపడి కాలువ గట్లను ఆక్రమించింది. దక్షిణ చైనాలో తన ప్రజాతికే చెందిన స్థానిక మొక్కతో సంకరమైంది కూడా. ఆ స్థానిక మొక్క మన దేశంలోనూ ఉంది. పచ్చపూల గుంటగలగరగా ఆయుర్వేదంలో వాడతారు.

హైదరాబాద్‌లో మూడో అంతస్తు బాల్కనీలో, కుండీలో వెడీలియా పెంచుకుంటే ఎవరికీ పెద్ద నష్టం లేదు. గోదావరి ఒడ్డున అలా కాదు. ఈ మొక్క విత్తనం కన్నా ముక్కతోనే ఎక్కువగా వ్యాపిస్తుంది. తెగిన తీగలో ఒక్క కణుపు తడినేలకు తగిలినా వేరు పడుతుంది. భద్రాచలం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులకు. నది 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు లేచింది. అంత వరద వీధుల్లోకి వచ్చి తీసేటప్పుడు పెరళ్లలోని తీగముక్కలు పాపికొండల దాకా పోవడానికి అడ్డేముంది? వరద రాని ఏడాది కూడా, కత్తిరించిన తీగల్ని బుట్టకెత్తి వాగుగట్టున పారబోసే అలవాటు ఉండనే ఉంది. కిన్నెరసాని అయినా తాలిపేరు అయినా చివరికి కలిసేది గోదావరిలోనే.

అందంగా ఉందని తెచ్చుకున్న మొక్క అడవికి గుదిబండ కావడం ఈ దేశానికి కొత్త కాదు. జనం తలంబ్రాల చెట్టు అని పిలిచే లాంటానాను 19వ శతాబ్దం తొలి ఏళ్లలో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు అలంకారం కోసమే తెచ్చారు. ఇప్పుడు అది అడవుల్లో దారులు మూసేసి పశువుల మేతను మింగేస్తోంది. కోనోకార్పస్ చెట్టు కథ నిన్నమొన్నటిది. ఊరూరా నాటాక జనం మొత్తుకున్నారు, గుజరాత్ 2023లో దాన్ని నిషేధించింది. వెడీలియా విషయంలో ఆ దశ దాకా ఆగడమెందుకు?

విచిత్రం ఏమిటంటే, నీడలో పూసే మొక్కల కోసం ఇక్కడివాళ్లు సముద్రం దాటనక్కర్లేదు. టేకు, మద్ది చెట్ల కింద తరతరాలుగా పూస్తున్నవి ఉన్నాయి. పాలగుండనే తీసుకోండి. వేసవిలో చలవ కోసం తాగే ఆ తెల్లటి పొడి పసుపు జాతికి చెందిన ఒక అడవి మొక్క దుంప నుంచి వస్తుంది. దుంపల్ని అరగదీసి, నీళ్లలో కలిపి, తేరుకున్నాక పైనీళ్లు వంపి, మళ్లీ నీళ్లు పోసి, అడుగున మిగిలిన పిండిని ఎండబెడతారు. పొడి సంగతి తెలిసినవాళ్లలో చాలామంది పువ్వును చూసి ఉండరు. తొలి వానల వేళ ఎండుటాకుల మధ్య నుంచి గులాబీరంగు రేకుల కంకి లేస్తుంది, దాని మడతల్లో చిన్న పసుపు పూలుంటాయి. తర్వాత మోకాలెత్తు ఆకులు వచ్చి చలికాలం దాకా నేలను కప్పి ఉంచుతాయి.

దుంప మొక్కల్లోనే కొండకలువ మరొకటి. ఆకు లేకుండా నేలలోంచి నేరుగా ఊదా పెదవి ఉన్న తెల్లని సువాసన పువ్వు వస్తుంది. ఆ తర్వాత వచ్చే ఆకు అడుగుభాగం కూడా ఊదారంగే. ఇక నేలతాడి చూడ్డానికి తాటిపిలకలా ఉండి, మట్టికి ఆనుకుని ఆరు రేకుల పసుపు పూలు పూస్తుంది.

వీటికి ఒక లోపం ఉంది, దాచాల్సిన పనిలేదు. పాలగుండ, కొండకలువ చలికాలంలో ఆకు రాల్చి నేలలోకి వెళ్లిపోతాయి. అప్పుడు నీళ్లు ఎక్కువైతే దుంప కుళ్లుతుంది. ఆ ఖాళీని పూడ్చడానికి మధ్యమధ్య డిసెంబరాలు నాటుకోవచ్చు. చిగుళ్లు తుంచుతూ ఉంటే అవి గుబురుగా, పొట్టిగా ఉంటాయి. నీడ అంచున, ఉదయం మూడు నాలుగు గంటలపాటు వెలుతురు తగిలేచోట కనకాంబరాలు పెడితే జడలోకీ పూలొస్తాయి. కనకాంబరానికి నులిపురుగుల బెడద ఎక్కువ కాబట్టి ఒకేచోట ఏళ్ల తరబడి వేయకుండా, మట్టిలో కాస్త వేపపిండి కలిపితే మంచిది. చెట్టు మొదట్లో గునపంతో లోతుగా తవ్వి వేళ్లు తెంచడం కంటే పైన రెండు మూడు అంగుళాల మందాన మాగిన ఆకుఎరువు పరిచి, అందులోనే దుంపలు పెట్టుకోవడం మేలు. రాలిన ఆకును ఊడ్చి తగలబెట్టే ఇళ్లకు ఈ ఎరువు ఉచితంగా దొరికేదే.

అడవి దుంపల్ని పెరట్లోకి తేవడంవల్ల ఇంకో ప్రమాదం రావొచ్చు. పట్నంవాళ్లకు మోజు పుడితే అడవిలో దుంపలు తవ్వేసేవాళ్లు బయలుదేరతారు. నేలతాడికి మందుల వ్యాపారంలో ఇప్పటికే గిరాకీ ఉంది, తవ్వకం దాన్ని పల్చబరుస్తుంది కూడా. కిన్నెరసాని అభయారణ్యంలోంచి అనుమతి లేకుండా మొక్క పెకలిస్తే అది నేరం. అందుకే పెరటి యజమానులకు నీతులు చెప్పడంతో ఈ పని కాదు, మొక్క నర్సరీలో దొరకాలి.

ఆ నర్సరీలు కొత్తగా కట్టాల్సినవీ కావు. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లోనే ప్రతి గ్రామపంచాయతీకి నర్సరీ ఉండాలంది. పల్లె ప్రకృతి వనాల్లో నీడ కూడా తయారైంది, చెట్ల కింద మాత్రం నేల బోసిగా ఉంది. భద్రాచలంలోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), అటవీశాఖ కలిసి కొన్ని పంచాయతీ నర్సరీలకు మొదటి విడత దుంపలు అనుమతితో ఇప్పిస్తే, వాటినే విడదీసి ఏటా పెంచుకోవచ్చు. ఏ దుంప ఏ నీడలో పూస్తుందో తెలిసిన కోయ, కొండరెడ్డి మహిళల సంఘాలకు ఆ పని, దాని ఆదాయం అప్పగించాలి. అశ్వారావుపేట వ్యవసాయ కళాశాల చీడల సంగతి చూసుకోగలదు. దుంపలు విడదీయడానికి వేసవి చివరే అదను. మృగశిర నాటికి సంచుల్లో మొలకలు సిద్ధంగా ఉంటే, కడియం నుంచి మొక్కల లారీ వచ్చేలోపే నర్సరీ బల్లమీద వెడీలియా పక్కన కొనేవాళ్లకు ఇంకోటి కనిపిస్తుంది.