ఆఖరి పది అడుగులు

కుళాయి కారితే చిరాకు. సింకు నిండితే కంగారు. ఫ్లష్‌ ట్యాంకు రాత్రంతా సన్నగా మూలుగుతుంటే నిద్ర పట్టదు. వీటన్నిటికీ వెంటనే ప్లంబరుకు ఫోన్‌ చేసేస్తాం. కానీ ఏ చప్పుడూ చెయ్యకుండా, గోడమీద మరక కూడా పెట్టకుండా ఇంటిల్లిపాదినీ మంచాన పడేసే లీకేజీ ఒకటుంది. అది ఇంట్లో కనపడదు. గేటు బయట, వీధి కాలువ పక్కనో కిందనో మట్టిలో ఉంటుంది. దాని కోసం ఎవరూ ఎవరికీ ఫోన్‌ చెయ్యరు.

2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో ఏం జరిగిందో ఈ ప్రాంతంలో ఎవరూ మరచిపోయి ఉండరు. అతిసారం ఊరిని చుట్టేసింది. వందలమంది వాంతులు, విరేచనాలతో ఆసుపత్రుల పాలయ్యారు. పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఉపముఖ్యమంత్రి వచ్చారు, విచారణ జరిగింది. చంపావతి నది దగ్గరి పారిశుద్ధ్యం నుంచి పైపులైన్ల దాకా చాలా సంగతులు చర్చకొచ్చాయి. అందులో ప్రభుత్వం వంతు ప్రభుత్వానిది, దాన్ని అడగాల్సిందే. మన వంతు కూడా కొంత ఉంది. అది వీధి పైపు దగ్గర్నుంచి మన కుళాయి దాకా ఉండే ఆ పది, పదిహేను అడుగులు.

నాగావళి ఇసుకలోని ఊటబావుల నుంచి శ్రీకాకుళానికీ, నెల్లిమర్ల, రామతీర్థాల దగ్గర చంపావతి నుంచి విజయనగరానికీ నీళ్లు వస్తున్నాయి. ఉద్దానం కోసమైతే హిరమండలం జలాశయం నుంచి రూ.700 కోట్లతో పథకం కట్టి 2023 డిసెంబరులో ప్రారంభించారు. అన్ని మైళ్లు నడిచొచ్చిన నీరు మన గుమ్మం ముందు చెడిపోతే, ఆ డబ్బంతా ఎందుకు పోసినట్టు?

పైపు నీళ్లు తాగుతుంది!

పైపుకి చిల్లు పడితే నీళ్లు బయటికి పోతాయిగానీ మురుగు లోపలికెలా వస్తుంది? చాలామందికి వచ్చే సందేహమే ఇది. ఇరవై నాలుగు గంటలూ నీళ్లుండే పైపైతే రాదు. లోపలి ఒత్తిడి మురుగును బయటే ఆపేస్తుంది. మన దగ్గర అలా కాదు కదా. పొద్దున్నో గంట, కొన్నిచోట్ల రోజు విడిచి రోజు. సరఫరా ఆపగానే పైపులో మిగిలిన నీళ్లు పల్లానికి జారిపోతాయి. వెనకాల ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీని నింపుకోవడానికి పైపు, స్ట్రా పెట్టుకున్న పిల్లాడిలా, చిల్లు చుట్టూ ఏది ఉంటే దాన్ని లోపలికి లాక్కుంటుంది. అక్కడ కాలువ నీళ్లుంటే కాలువ నీళ్లే. మర్నాడు పంపు వదలగానే మొదట వచ్చే బిందెడు నీళ్లలో ఉండేది అదే.

దీనికి మనం చేసే సాయం కూడా తక్కువేం కాదు. ఒత్తిడి చాలక కుళాయికి నీళ్లెక్కవు. వెంటనే గుమ్మం ముందు మోకాలి లోతు గొయ్యి తవ్వి, కుళాయిని అందులోకి దింపేస్తాం. బిందె గొయ్యిలోకి పట్టుకుంటే ధార బాగానే వస్తుంది. అయితే ఒలికిన నీళ్లు, వాన నీళ్లు, బట్టలుతికిన నురగ, కోళ్ల రెట్టలు... అన్నీ చేరేది ఆ గొయ్యిలోకే. నీళ్లాగిపోయాక కుళాయి మూతి ఆ మడుగులో మునిగి ఉందంటే, తిప్పడం మరచిపోయుంటే, ఇక చెప్పేదేముంది. మీ ఇంటి గొయ్యిలోని నీళ్లు పక్కింటివాళ్ల బిందెలోకి చేరతాయి. వాళ్లవి మీ బిందెలోకి.

ఇంకో ఘనకార్యం కుళాయికి నేరుగా మోటారు బిగించడం. పురపాలక నిబంధనలు దీన్ని ఒప్పుకోవు, అయినా ఏ వీధిలో చూసినా తెల్లారగట్ల గుర్రుమనే చప్పుడే. పక్కింటికి నీళ్లు అందకపోవడం దీంట్లో చిన్న అన్యాయం. మోటారు లాగినప్పుడు వీధి పైపులో ఎక్కడ ఏ సందు ఉన్నా అక్కణ్నుంచి మురుగు వచ్చేస్తుంది. మా వీధిలో కుళాయిలు బిగించే పెద్దాయన ఒక్కమాటలో తేల్చేశాడు: ‘‘మోటారికి మంచినీరేటో మురుగునీరేటో తెలుస్తాదేటి బావూ? ఏటుంటే అదే లాగీస్తాది!’’ మోటారు కావాలంటే ముందు నేలమట్టంలో సంపు కట్టుకోండి. నీళ్లు తమంతట తామే సంపులోకి పడనివ్వండి. అక్కణ్నుంచి పైకి ఎంతైనా తోడుకోవచ్చు. సంపులోకి వచ్చే పైపు చివర నీటిమట్టం కంటే జానెడు పైనే ఉండాలి, మునగకూడదు. తొట్టెలో రబ్బరు గొట్టం మునిగేలా వదిలేయడం కూడా ఇలాంటి పొరపాటే. కరెంటు పోయినా, సరఫరా ఆగినా తొట్టెలో నీళ్లు వెనక్కి ప్రయాణం కడతాయి.

మరి మన పైపు బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? తవ్వకుండానే కొంత చెప్పొచ్చు. పంపు వదిలిన మొదటి నిమిషాల్లో నీళ్లు మట్టిరంగులో, వాసనగా వచ్చి తర్వాత తేటపడుతున్నాయా? ఇటు నాలుగిళ్లు, అటు నాలుగిళ్లు అడగండి. అందరికీ అలాగే వస్తుంటే తప్పు వీధి పైపులో ఉంది, మున్సిపాలిటీకో పంచాయతీకో చెప్పాలి. మీ ఒక్క ఇంటికే అయితే మీ పైపులోనే. ఎండాకాలంలో కూడా గేటు ముందు ఒకే చోట తడిగా, పచ్చిక పెరిగి ఉంటే అదీ గుర్తే. ఆరోగ్య సిబ్బంది దగ్గరుండే క్లోరోస్కోపుతో పరీక్ష చేయించినా తెలుస్తుంది. కుళాయి చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్‌ మిగిలి ఉండాలి. ట్యాంకు దగ్గర పసుపు రంగు తేలి, మీ ఇంటి దగ్గర ఏ రంగూ రాలేదంటే, మధ్యలో ఆ క్లోరిన్‌ను ఏదో తినేసిందన్నమాట.

పైపు మార్చక తప్పనప్పుడు చవకబేరాలకు పోవద్దు. కాలువ మధ్యలోంచి కాకుండా దాని పైనుంచి దాటించమనండి. వేరే దారి లేకపోతే, పెద్ద ఇనప గొట్టంలోంచి తీసుకెళ్లాలి. కాలువ లోపల జాయింటు అన్నది ఉండనే కూడదు. మురుగు గొట్టం పక్కపక్కనే వెళ్తుంటే మంచినీటి పైపు దానికన్నా ఎత్తులో, వీలైనంత దూరంలో ఉండాలి. ప్లాస్టిక్‌ పైపును మంటమీద కాచి, మూతి సాగదీసి, రెండోదాన్ని అందులోకి దూర్చేసే మేస్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. పది రూపాయల కప్లింగ్‌ మిగులుతుంది నిజమే. కాచిన చోట పైపు పల్చబడి, మీద సైకిలు వెళ్తే పగులుతుంది. సైకిలు ట్యూబు చుట్టి తీగతో కట్టే వైద్యం సంగతి చెప్పనక్కర్లేదు.

అన్నట్టు, ఒక ముచ్చట. లండన్‌లో హైడ్‌ పార్కు దగ్గర 1867లో జనం మంచినీళ్లు తాగేందుకు ఓ ఫౌంటెన్‌ వెలిసింది. దాని దాత ఎవరో కాదు, మన విజయనగరం మహారాజు! కలుషిత నీటితో కలరా వచ్చి వేలమంది పోయిన నగరం అది. మంచినీటి ఫౌంటెన్లు పెట్టించడానికి 1859లో అక్కడో సంఘమే పుట్టింది. మహారాజు విరాళం ఆ సంఘం ద్వారానే ఖర్చయింది. 1964లో ఫౌంటెన్‌ను తీసేశారు, ఆ చోట ఆయన పేరున్న రాయి ఉంది. మహారాజు సొమ్ముతో లండన్‌వాళ్లు దాహం తీర్చుకున్న నూటయాభై ఏళ్ల తర్వాత, ఆ మహారాజు ఊరికి కూతవేటు దూరంలో గుర్ల.

సరే, ఇంట్లోకి వద్దాం

కారే కుళాయి కింద గ్లాసు పెట్టి చూడండి. గంటకు రెండొందల మిల్లీలీటర్ల గ్లాసు నిండితే రోజుకు దాదాపు అయిదు లీటర్లు పోతున్నట్టు. పాత ఇత్తడి కుళాయి అయితే లోపలి వాషర్‌ అరిగిపోవడమే కారణం. గేట్‌వాల్వు కట్టేసి, కుళాయి తిప్పి ఉన్న నీళ్లు వదిలేసి, పై నట్టు పానాతో విప్పితే స్పిండిల్‌ బయటికొస్తుంది. దాని అడుగున ఉన్న వాషర్‌ మార్చి బిగించేయడమే, పావుగంట పని. పావు తిప్పుకే తెరుచుకునే కొత్తరకం కుళాయిల్లో వాషర్‌ ఉండదు, కార్‌ట్రిడ్జ్‌ మొత్తం మార్చాలి. పాతది చేత్తో పట్టుకెళ్లి, అదే కొలతది తెచ్చుకోండి. కారుతోందని బలమంతా పెట్టి బిగించడం మాత్రం వద్దు, మరలు అరిగి కుళాయే పోతుంది.

ఫ్లష్‌ ట్యాంకు లీకును కనిపెట్టడానికి బట్టలకు పెట్టే నీలిమందు చాలు. నాలుగు చుక్కలు ట్యాంకులో వేసి అరగంట ఎవరూ ఫ్లష్‌ చెయ్యకండి. కింద నీలం కనిపించిందా, ట్యాంకు అడుగు రబ్బరు మార్చాల్సిందే. మేడమీద ట్యాంకు నిండా నీళ్లున్నా కుళాయిలో చుక్క రాలేదంటే పైపులో గాలి పట్టిందని అర్థం. ట్యాంకు కింద గేట్‌వాల్వు తర్వాత ఓ గాలిగొట్టం నిలువుగా, ట్యాంకు కంటే ఎత్తుకు పెట్టిస్తే ఆ బాధ ఉండదు.

కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఇనప పైపుల్ని ఉప్పుగాలి తినేస్తుంది. అక్కడ ప్లాస్టిక్‌ పైపులే మేలు. కాకపోతే ఎండలో ఉన్న పైపు పెళుసెక్కుతుంది కాబట్టి మీద రంగు వేయించండి. తెల్ల పైపు జిగురుతో వేడినీళ్ల పైపు అతికించకూడదు, దేని జిగురు దానిదే.

పైడితల్లమ్మ పండక్కి చుట్టాలు దిగారంటే వంటింటి సింకు మొరాయించడం విజయనగరంలో మామూలే. నూనె, గంజి, అన్నం మెతుకులు అంతా ఒకేసారి. పళ్లేలు కడిగే ముందు తుడిచి పారేయడం, వారానికోసారి వేడినీళ్లు పోయడం సరిపోతుంది. అడ్డుపడితే రబ్బరు పంపుతో కొట్టి చూడండి, లేదా సింకు కింది వంపును విప్పి శుభ్రం చేయండి. యాసిడ్‌ సీసాలు చివరి మాట. యాసిడ్‌నీ బ్లీచింగునీ కలిపితే వచ్చే వాయువు ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది, ఒకటి పోసిన చోట రెండోది పొయ్యకండి.

తాళం వేసిన ఇళ్ల సంగతి విడిగా చెప్పాలి. సిక్కోలు పల్లెల్లో చాలా కుటుంబాలు హైదరాబాదు, చెన్నైల్లో ఉంటాయి. ఇల్లు సంక్రాంతికే తెరుస్తారు. తలుపు తీయగానే గుప్పుమనే వాసన ఎలుక చచ్చింది కాదు. బాత్రూం జాలీ కింద వంపులో ఎప్పుడూ కొంత నీరు నిలిచి ఉండాలి, మురుగు గాలిని, బొద్దింకల్ని ఆపేది అదే. నెలల తరబడి వాడకపోతే అది ఆవిరైపోతుంది. తలో చెంబుడు నీళ్లు పోస్తే వాసన ఆగుతుంది. ఊరెళ్లేటప్పుడు గేట్‌వాల్వు కట్టేసి ట్యాంకు ఖాళీ చేసి వెళ్లండి. తిరిగొచ్చాక పాత నీళ్లతో పళ్లు కూడా తోమొద్దు.

ట్యాంకును ముందు తోమి, కడిగి, మళ్లీ నింపండి. వెయ్యి లీటర్లకు 150 నుంచి 200 గ్రాముల బ్లీచింగ్‌ పొడిని ప్లాస్టిక్‌ బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైన తేరుకున్న నీటిని ట్యాంకులో పొయ్యాలి. ప్రతి కుళాయినీ క్లోరిన్‌ వాసన వచ్చేదాకా వదిలి కట్టేయండి. రాత్రంతా ఉంచి పొద్దున్నే మొత్తం వదిలేయండి. ఇది కడగడానికి మాత్రమే. తాగే నీటికైతే వెయ్యి లీటర్లకు మంచి పొడి రెండున్నర గ్రాములు, అంటే సుమారు అర టీస్పూను చాలు. కలిపాక గంట ఆగాలి. నీళ్లు మురికిగా ఉంటే మందు పనిచెయ్యదు, ముందు తేర్చాలి. ఊళ్లో విరేచనాల కేసులున్నాయని తెలిస్తే మాత్రం కాచి చల్లార్చిన నీళ్లే.

ఇక తుపానులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌, 2018 అక్టోబరు 11న తిత్లీ... రెండూ అక్టోబరులోనే. మేడల మీద ప్లాస్టిక్‌ ట్యాంకులు బంతుల్లా ఎగిరిపోయాయి. ఖాళీ ట్యాంకు ఇద్దరు మోసేంత బరువే ఉంటుంది. నింపితే వెయ్యి లీటర్ల ట్యాంకు టన్ను. అందుకే హెచ్చరిక రాగానే, కరెంటు ఉండగానే ట్యాంకు నింపేయండి. మూత ఎగిరిపోకుండా కట్టండి, ట్యాంకును పిట్టగోడకు కాకుండా స్లాబులో దిగ్గొట్టిన కొక్కేలకు నైలాన్‌ తాడుతో బిగించండి. కరెంటు రోజుల తరబడి రాకపోవచ్చు, తాగే నీళ్లు బిందెల్లో విడిగా పట్టి మూతలు పెట్టండి. గాలి తగ్గాక మొదటిసారి వీధి కుళాయి వచ్చినప్పుడు, ఎంత దాహంగా ఉన్నా సరే, ఆ మొదటి రెండు మూడు బిందెలూ మొక్కలకే.