గర్భస్రావ సేవల నిరాకరణను ఖండిస్తున్నాం

గర్భస్రావం కోసం వచ్చిన స్త్రీలను ప్రభుత్వ ఆసుపత్రుల నుంచి తిప్పి పంపుతున్న తీరును మా మహిళా సంఘం తీవ్రంగా ఖండిస్తోంది. వారికి తోడుగా వెళ్లిన మా కార్యకర్తలపై ‘కడుపులు తీయించే ముఠా’ అని ముద్ర వేసి, పోలీసులకు పట్టిస్తామని బెదిరించడం దుర్మార్గం. జరుగుతున్న అన్యాయాలను ప్రజల ముందు ఉంచుతున్నాం.

భర్త అనుమతి లేనిదే చేయబోమంటున్నారు. 1971 నాటి వైద్యపరమైన గర్భస్రావ చట్టం భర్త అనుమతిని ఎక్కడా కోరలేదు. సమ్మతి పత్రమైన ఫారం-సిలో భర్త సంతకానికి చోటే లేదు. అయినా కాగితం అడుగున పెన్నుతో గీత గీసి, ‘భర్త సంతకం’ అని రాసి చేతికిస్తున్నారు. వదిలేసి పోయిన భర్తను, కొట్టి తరిమిన భర్తను ఆమె ఎక్కడి నుంచి తేవాలి?

పెళ్లికాని స్త్రీలను అవమానిస్తున్నారు. 20 నుంచి 24 వారాల గర్భం విషయంలోనూ వివాహిత, అవివాహిత అనే వివక్ష చెల్లదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న స్పష్టం చేసింది. ఆ తీర్పు ఓపీ గది గుమ్మం దాటలేదు.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు ఒప్పుకుంటేనే గర్భస్రావం చేస్తామని షరతు పెడుతున్నారు. నిస్సహాయతను ఆసరా చేసుకుని రాబట్టిన సంతకం సమ్మతి కాదు, నిర్బంధం.

గోప్యతను మంటగలుపుతున్నారు. వరండాలో పేరు పెట్టి పిలిచి, దేనికొచ్చావని అందరి ముందూ అడుగుతున్నారు. వివరాలు బయటపెడితే ఏడాది వరకు జైలుశిక్షకు వీలుందని గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ హెచ్చరిస్తోంది.

ఆడపిండ హత్యల నివారణ పేరుతో మందుల దుకాణాలను భయపెడుతున్నారు. 1994 చట్టం నిషేధించింది లింగ నిర్ధారణను, గర్భస్రావాన్ని కాదు. ఆ భయంతో, డాక్టర్ చీటీ ఉన్నా మాత్రలు లేవంటున్నారు.

వీటన్నిటి పర్యవసానం కాలహరణం. సోమవారం రమ్మంటారు, స్కానింగ్ తెమ్మంటారు, డాక్టరమ్మ సెలవంటారు. తిరిగిన ప్రతిసారీ కూలి పోతుంది, వారం గడుస్తుంది. 24 వారాలు దాటితే ప్రాణాపాయమో, పిండంలో తీవ్ర లోపమని మెడికల్ బోర్డు తేల్చడమో ఉంటే తప్ప దారి మూసుకుపోతుంది. ఆపై అనుమతి కోసం హైకోర్టు గడప తొక్కగల స్తోమత ఎందరికుంది? డబ్బున్నవారు ప్రైవేటు ఆసుపత్రికి వెళతారు. దళిత, ఆదివాసీ, వలసకూలీ స్త్రీలు ఊరి ఆర్‌ఎంపీ చేతుల్లో పడి, రక్తస్రావంతో, ఇన్ఫెక్షన్‌తో, అప్పుతో తిరిగి అదే ఆసుపత్రికి చేరుతున్నారు. ఈ ప్రాణాపాయానికి బాధ్యులెవరు?

చట్టంలో లేని సంతకాలను, షరతులను తక్షణం రద్దు చేయాలి. అర్హత గల వైద్యులను నియమించి, ప్రతి ఏరియా ఆసుపత్రిలో ఈ సేవలను నిరంతరాయంగా అందించాలి. స్త్రీలను అవమానించిన వారిపై విచారణ జరిపించాలి. మా కార్యకర్తలపై బెదిరింపులు ఆపాలి.

బిడ్డను కనడం, కనకపోవడం స్త్రీ నిర్ణయం. ఆ నిర్ణయానికి తోడు నిలవడం నేరమైతే ఆ నేరాన్ని బస్తీ బస్తీలో, ఊరూరా చేస్తూనే ఉంటాం. ప్రజాస్వామికవాదులందరూ ఈ పోరాటానికి మద్దతు పలకాలని విజ్ఞప్తి చేస్తున్నాం.

– సంఘ కార్యవర్గం