డోరేమాన్‌కు తెలుగు వచ్చు, మన పిల్లోళ్లకు?



ఈ మధ్య మన గుంపులో పిల్లల కార్టూన్ల మీద చానా మాటలు నడిచినాయి. టీవీ, ఫోను రెండూ దాచిపెట్టాలని కొందరు అన్నారు. కాలం మారింది, చూడనీండి అని కొందరు అన్నారు. అందరూ రాసినంక మా మాట కూడా చెప్దామని నింపాదిగా కూర్చొని రాస్తున్నాం. కొంచెం పొడుగు, ఓపికగా చదవండి.

మేము మాట్లాడబోయేది డోరేమాన్ గురించి. అరవై దాటినోళ్లకు ఈ నీలం పిల్లి బొమ్మతో ఏం పని అని నవ్వుకొంటే నవ్వుకోండి. మన ఇండ్లల్లో ఇప్పుడు పాతికేండ్లు దాటిన పిల్లోళ్లు చిన్నప్పుడు దాని ముందు కూర్చొనే అన్నం తిన్నారు. వాళ్లల్లో కొందరికి పెండ్లిండ్లయినాయి. ఇప్పుడు వాళ్ల పిల్లోళ్లకు అదే బొమ్మ పెట్టి అన్నం తినిపిస్తున్నారు. ఒక తరం రెండోసారి చూస్తున్న కథ అది. పెద్దోళ్లం మనం కూడా పక్కన కూర్చొని చూస్తే తెలిసేది ఒకటుంది.

తెలియనోళ్ల కోసం కథ చెప్తాం. నోబితా అని ఒక పిల్లోడు. చదువు రాదు, ఆట రాదు, పరీక్షల్లో సున్నాలు. పెద్దయినంక వాడు చేసే అప్పులు వాడి మనవడి మనవడి కాలానికి కూడా తీరవు. అందుకని ఆ మునిమనవడు ఇరవై రెండో శతాబ్దం నుండి ఒక రోబో పిల్లిని వెనక్కి పంపిస్తాడు, మా తాతను బాగుచెయ్యి అని. ఆ రోబోనే డోరేమాన్. దాని పొట్ట మీద ఒక జేబు. ఏం కావాలంటే అది అందులో నుండి తీస్తుంది. తల మీద పెట్టుకొంటే ఎగిరే చిన్న ఫంకా, తీస్తే కోరిన ఊళ్లోకి పోయే తలుపు, ఇట్లాంటివి వందల కొద్దీ.

దీన్ని గీసినాయన ఫుజికో ఎఫ్. ఫుజియో. అసలు పేరు హిరోషి ఫుజిమోతో. జపాన్‌లో తకఒకా అనే ఊళ్లో 1933లో పుట్టినాడు, 1996లో పోయినాడు. డోరేమాన్ మొదట 1969 డిసెంబరులో పిల్లల నెల పత్రికల్లో వచ్చింది. ఆ దేశంలో ఒక్కో తరగతి పిల్లలకు ఒక్కో పత్రిక ఉండేది. ఒకటో తరగతి పిల్లలకు ఒక రకంగా, నాలుగో తరగతి పిల్లలకు ఇంకో రకంగా, వాళ్లు చదవగలిగే అక్షరాల్లో ఆయన కథలు గీసినాడు. టీవీలో 1979లో మొదలైన వరస 2005 దాకా నడిచింది. ఆ ఇరవై ఆరేండ్లూ డోరేమాన్‌కు గొంతు ఇచ్చినామె ఒక్కరే, నోబుయో ఒయామా. 2024లో తొంభై ఏండ్ల వయసులో ఆమె పోయినప్పుడు, ఆ గొంతు వింటూ పెరిగినోళ్లు ఇంటి పెద్దావిడ పోయినట్లు బాధపడినారు. చిన్నప్పుడు విన్న గొంతుకు అంత బలముంటుంది.

మన దేశంలో డోరేమాన్ టీవీకి వచ్చింది 2005లో. ఈ ఏడాదిని గుర్తు పెట్టుకోండి. తమిళనాడులో తమిళ అభ్యాస చట్టం వచ్చింది 2006లో. ఆ ఏడు ఒకటో తరగతిలో చేరిన పిల్లోళ్ల నుండి తమిళం తప్పనిసరి అయింది. ఏడాదికొక తరగతి లెక్కన పైకి పోయి 2015-16కి పదో తరగతికి చేరింది. అంటే మొదట డోరేమాన్ చూసిన పిల్లోళ్లూ, బడిలో తెలుగు పలక పక్కకు జరిగిన పిల్లోళ్లూ ఒకరే. హోసూరులో, కృష్ణగిరిలో, వేపనపల్లి, బాగలూరు దిక్కున ఆ వయసు పిల్లోళ్లను అడిగి చూడండి. తెలుగు మాట్లాడతారు. బస్సు మీద తెలుగులో ఊరి పేరు రాసుంటే చదవలేరు.

మేము తమిళానికి అడ్డం మాట్లాడడం లేదు. మేము చదివింది తమిళంలోనే, మాకు అన్నం పెట్టింది ఆ చదువే. తమిళం వచ్చినందుకు మనకు నష్టమేమీ లేదు. మేము అడిగేది దాని పక్కన ఇంకో పీట వేయడం గురించి.

ఇప్పుడు అసలు సంగతి. డోరేమాన్ మన దేశంలో హిందీలో వచ్చింది, తమిళంలో వచ్చింది, తెలుగులో కూడా వచ్చింది. నోబితా తెలుగులో ఏడ్చినాడు, వాళ్లమ్మ తెలుగులో తిట్టింది. కానీ మన ఇండ్లల్లో ఎక్కువగా వినిపించింది తమిళ డోరేమాన్, కొన్ని ఇండ్లల్లో హిందీ డోరేమాన్. దీనికి పిల్లోళ్లను తప్పు పట్టలేము. పొద్దున బడికి పోయి స్నేహితులతో నిన్నటి కథ చెప్పుకోవాలంటే వాళ్లు విన్న మాటల్లోనే చెప్పాలి కదా. కేబుల్‌లో ఏ భాష వస్తే అదే వినే కాలం అది. ఇప్పుడు ఆ కట్టు లేదు. సెట్ టాప్ బాక్సులోనూ ఫోన్‌లోనూ చాలా కార్టూన్లకు భాష మార్చుకొనే వీలుంది. రిమోట్ ఇంట్లోనే ఉంది.

బొమ్మల కథ భాషను మారుస్తుందా అని అడిగేవాళ్లకు బంగ్లాదేశ్ సంగతి చెప్పాలి. భాష కోసం 1952లో ప్రాణాలిచ్చిన జనం వాళ్లు. అట్లాంటి దేశంలో పిల్లోళ్లు హిందీ డోరేమాన్ చూసి చూసి ఇంట్లో హిందీ మాట్లాడడం మొదలుపెట్టినారు. పెద్దోళ్లు భయపడినారు. 2013లో ఆ ప్రభుత్వం హిందీ డోరేమాన్ ప్రసారాన్ని ఆపేసింది. తర్వాత బెంగాలీ మాటలతో చూపించినారు. ఒక దేశం మొత్తానికి కనిపించిన ఈ సంగతి మన ఇండ్లల్లో కనిపించకుండా పోదు. అయితే ఆపేయమని మేము చెప్పం. మనది దేశం కాదు, ఒక ఎల్లలోని జనం. ఆపే చెయ్యి మనకు లేదు, ఎంచుకొనే చెయ్యి ఉంది.

ఇక్కడ ఒక అడ్డు మాట వస్తుందని మాకు తెలుసు. కార్టూన్‌లో వచ్చే తెలుగు మన తెలుగు కాదు కదా అని. నిజమే. అది పుస్తకాల తెలుగు, స్టూడియోల తెలుగు. 'ఎక్కడికి వెళ్తున్నావు' అంటుంది. మనం 'యాడికి పోతాండావు' అంటాం. అది 'త్వరగా రా' అంటే మనం 'బిరీన రా' అంటాం. అది 'గేదె' అంటుంది, మన అవ్వకు అది 'ఎనుము'. ఆ తెలుగు వినివిని పిల్లోళ్లు అవ్వ మాటలు చూసి నవ్వితే మనకు రెండో నష్టం. అందుకే పెద్దోళ్లు పక్కన కూర్చోవాలంటున్నాం. కార్టూన్ ఒక మాట చెప్తే, మన ఊళ్లో దీన్ని ఏమంటారో అవ్వ చెప్పాలి. డోరేమాన్ ఎంతో ఇష్టంగా తినే డోరాయాకి ఉందే, లోపల ఎర్ర అలసంద లాంటి గింజల తీపి ముద్ద పెట్టిన రొట్టె. దాన్ని కార్టూన్‌లో డోరా కేక్ అంటారు. దాన్ని చూపించి, మన ఓళిగలో కూడా ఇట్లే పప్పు పూర్ణం పెడతాం అని చెప్తే పిల్లోడికి జపానూ దగ్గరయింది, ఓళిగా దగ్గరయింది.

డోరేమాన్ కథల్లో పెద్దోళ్లు తప్పకుండా చూడాల్సింది ఒకటుంది. నోబితాకు చిన్నప్పటి పాత ఎలుగుబంటి బొమ్మ ఒకటి దొరుకుతుంది. చిరిగితే అవ్వ కుట్టి పెట్టిన బొమ్మ అది. అవ్వ పోయి చానా కాలమయింది. ఒక్కసారి చూడాలని ఏడ్చి, డోరేమాన్‌తో కాలంలో వెనక్కి పోతాడు. అక్కడ వాళ్లమ్మకే వాడెవరో తెలియదు, ఎవరి పిల్లోడో ఇంట్లో దూరినాడనుకొంటుంది. అవ్వ మాత్రం ఆదరిస్తుంది. మా నోబితా సంచి తగిలించుకొని బడికి పోయేది చూడాలని ఉంది అంటుంది. వాడు తన కాలానికి ఉరికి, బడి సంచి తగిలించుకొని వచ్చి, నేనే నోబితాను అంటాడు. ఆమె అనుమానపడదు, అట్లే అనిపించిందిలే అని నమ్ముతుంది.

ఈ కథ చూస్తే మాకు ఒకటే ఆలోచన వచ్చింది. మన పిల్లోడు అట్లా కాలంలో వెనక్కి పోయి మన అవ్వ ముందు నిలబడినాడనుకోండి. ఏ భాషలో నేనే అని చెప్తాడు? నోబితా అవ్వా, నోబితా ఒకే మాట మాట్లాడేవాళ్లు. కాబట్టే రెండు మాటల్లో నమ్మకం కుదిరింది. మన అవ్వకు తమిళం సంత వరకే వచ్చు, ఇంగ్లీషు అసలు రాదు. పిల్లోడు తెలుగులో పలకరించలేకపోతే ఎంత సంచి తగిలించుకొని వచ్చినా ఆమెకు వాడు పరాయి పిల్లోడే. కాలంలో ప్రయాణం లేకపోవచ్చు. ఊళ్లో ఇంకా బతికుండే అవ్వలతో ఇది రోజూ జరుగుతూనే ఉంది. సెలవులకు వచ్చిన మనవడు, అరుగు మీద కూర్చొన్న అవ్వ, ఇద్దరి మధ్య మాటలు సాగక ఒక ఫోను.

డోరేమాన్ జేబులో దీనికీ ఒక సామాను ఉంది. జపాన్‌లో ఒక గడ్డతో జిగురు ముద్దలాంటి పదార్థం చేస్తారు, దాన్ని కొన్యాకు అంటారు. డోరేమాన్ ఇచ్చే అనువాద కొన్యాకు తింటే ఏ భాషయినా అర్థమవుతుంది, మాట్లాడేది ఎదుటోళ్లకూ అర్థమవుతుంది. ఇంకో కథలో ఒక రొట్టె ఉంది, పుస్తకం పేజీ మీద అద్ది తింటే పాఠమంతా గుర్తుండిపోతుంది. నోబితా పరీక్షకు ముందు ఆ రొట్టెలు మితిమీరి తింటాడు, కడుపు చెడుతుంది, నేర్చిందంతా బయటికి పోతుంది. ఆ కథలన్నీ ఇట్లే నడుస్తాయి. జేబులో నుండి వచ్చింది ఒక పూటకు పనికొస్తుంది, తర్వాత నోబితా తన కాళ్ల మీద తను నిలబడాల్సిందే.

మనకూ ఒక జేబు మీద ఆశ ఉంది. ప్రభుత్వం తీస్తుంది, కోర్టు తీస్తుంది, ఆంధ్రా నుండి ఎవరో వచ్చి తీస్తారు అని. అర్జీలు పెట్టాలి, కోర్టుకు పోవాలి, తెలుగు టీచర్లను అడగాలి. వీటిని మానమని మేము అనం. ఇన్నాళ్లుగా పోరాడినోళ్ల వల్లనే కొన్ని మినహాయింపులయినా వచ్చినాయి. కానీ బడి ఇచ్చేది అక్షరం మాత్రమే. చెవిని కాపాడాల్సింది ఇల్లే.

రైల్వేలో పనిచేసినోళ్లం కాబట్టి మాకు ఒక సంగతి బాగా తెలుసు. తిరుపత్తూరు నుండి కృష్ణగిరికి ఒకప్పుడు చిన్న పట్టాల రైలు నడిచేది. రెండో ప్రపంచ యుద్ధం కాలంలో ఆపేసినారు. ఈ రోజుకీ జిల్లా కేంద్రమైన కృష్ణగిరికి రైలు లేదు. అర్జీలు, సర్వేలు తరాల కొద్దీ నడుస్తూనే ఉన్నాయి. ఉన్న పట్టాలను నిలబెట్టుకోవడం సులువు, పీకేసినంక మళ్లా వేయడం చానా కష్టం. భాషకూ ఇదే లెక్క. ఈ పాతికేండ్ల పిల్లోళ్లు ఇంకా తెలుగు మాట్లాడుతున్నారు. పట్టాలు ఇంకా ఉన్నాయి. వీళ్ల పిల్లోళ్ల దగ్గర పీకేస్తే మళ్లా వేసేవాళ్లు ఎవరూ రారు.

కాబట్టి మేము అడిగేవి నాలుగే.

ఒకటి. పిల్లోళ్లు కార్టూన్ చూస్తే చూడనీండి, రోజుకు ఒక్క కథయినా తెలుగులో పెట్టండి. మిగిలినవి వాళ్లిష్టం.

రెండు. చూసినంక ఆ కథను అవ్వకో తాతకో చెప్పమనండి. కార్టూన్ మాటల్లో చెప్పినా సరే. పెద్దోళ్లు నవ్వకుండా విని, మన మాట ఒకటి కలపండి.

మూడు. వారానికి మూడు వాక్యాలు తెలుగు అక్షరాల్లో రాయించండి. 'నోబితాకు సున్నా వచ్చింది' అని రాసినా చాలు. ఆ జపాన్ ఆయన ఒక్కో తరగతికి ఒక్కో రకంగా గీసినట్లు, చిన్నోళ్లకు చిన్న వాక్యం, పెద్దోళ్లకు పెద్ద వాక్యం.

నాలుగు. నెల నెలా మన సంఘం కూడినప్పుడు పెద్దోళ్ల ఉపన్యాసాలు ఒక అరగంట తగ్గించి, ఆ అరగంట పిల్లోళ్లకు ఇవ్వండి. ఇష్టమైన కార్టూన్ కథ తెలుగులో చెప్పనీండి. దండలు, శాలువాలు వద్దు, వినేవాళ్లుంటే చాలు.

ఇందులో డబ్బు ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మీ అభిప్రాయాలు కింద రాయండి. ఒప్పుకోనోళ్లు కూడా రాయండి. ఒక్క విన్నపం, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయకుండా తెలుగు అక్షరాల్లోనే రాయండి. రానోళ్లు ఇంట్లో వచ్చినోళ్లను అడిగి రాయించుకోండి. పెద్దోళ్లు రాయించుకొంటుంటే పిల్లోళ్లు పక్కనే నిలబడి చూస్తారు.