బండికి ప్రార్థన చేయించే ముందు



మన సంఘాలలో ఒక మంచి అలవాటు ఉంది. ఎవరైనా బండి కొనుక్కుంటే ఆదివారం ఆరాధన ముగియగానే దానిని చర్చి ఆవరణలోకి తెచ్చి పాస్టరుగారిచేత ప్రార్థన చేయిస్తారు. కొత్త బండి కానివ్వండి, సెకండ్ హ్యాండ్ బండి కానివ్వండి, సంతోషం ఒక్కటే. తల్లిదండ్రులు పక్కన నిలబడతారు. తమ్ముళ్ళు, చెల్లెళ్ళు సీటు తడిమి చూస్తారు. స్వీట్లు పంచుతారు. హెడ్‌లైటు పైన అప్పటికే వాక్యం స్టిక్కరు అంటించి ఉంటుంది. ఆ సంతోషంలో మేమూ పాలుపొందుతాము. కాని ఆ బండ్లలో కొన్నింటిని నడిపిన పిల్లలను మేము మరల చూసేది మా క్యాజువాల్టీ గుమ్మం దగ్గర. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ఒక కుటుంబం సంగతి చెప్తాము. వారిని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు వదిలేశాము. కుర్రవాడికి అప్పుడే మొదటి ఉద్యోగం వచ్చింది. ఊరి నుండి పనికి రెండు బస్సులు మారాలి. తెలిసినవారి దగ్గర 100 సీసీ పాత బండి బేరమాడి తీసుకున్నాడు. ఆర్‌సి పాత యజమాని పేరుమీదే ఉంది. "పండుగ వెళ్ళాక ఆఫీసుకు వెళ్ళి మార్పిద్దాం" అనుకున్నారు. హెల్మెట్ వచ్చే నెల జీతంతో కొందామనుకున్నాడు. ఆ జీతం రాకముందే ఒక రాత్రి రోడ్డుమీదికి గేదె అడ్డం వచ్చింది. బండికి పెద్దగా ఏమీ కాలేదు. అతని తలకు బలమైన దెబ్బ తగిలింది. దేవుని కృపవలన ప్రాణం దక్కింది గాని కుడి చేయి, కుడి కాలు స్వాధీనంలో లేవు. మాట స్పష్టంగా రాదు.

కొన్ని రోజులకు వాళ్ళ నాన్నగారు ఒక కాగితం పట్టుకుని మా దగ్గరకు వచ్చారు. అది బండి ఇన్సూరెన్సు పాలసీ. "అయ్యా, ఇందులో 15 లక్షలని ఉంది. మా అబ్బాయికి వస్తుందా?" అని అడిగారు. ఆ 15 లక్షలు పాలసీలో పేరున్న యజమానికి. పాలసీ పాత యజమాని పేరుమీద ఉంది, ఆర్‌సి కూడా అతని పేరుమీదే ఉంది. ఆ తండ్రికి ఈ మాట చెప్పడం మాకు ఆ కుర్రవాడి స్కాన్ ఫిల్ము చూపించి చెప్పడం కంటే కష్టమైంది.

ఈ విషయంలో మా అభిప్రాయం స్పష్టంగా చెప్తున్నాము. అమ్మినవాడి చేతికి డబ్బు ఇచ్చి తాళం తీసుకున్నంత మాత్రాన బండి కొన్నట్టు కాదు. ఆర్‌సి మన పేరుకు మారాలి, ఇన్సూరెన్సు మన పేరున ఉండాలి, ఇంట్లో రెండు మంచి హెల్మెట్లు ఉండాలి. అప్పుడే కొన్నట్టు. ఈ మూడూ బండి ధరలో భాగమే. 40 వేలు చేతిలో ఉంటే 40 వేల బండి చూడవద్దు. 34, 35 వేలలో బండి చూసి, మిగిలినది వీటికి ఉంచుకోండి. అంతకు బండి దొరకకపోతే మరి రెండు నెలలు బస్సులో వెళ్ళండి. బస్సులో వెళ్ళినందువలన ఎవరి పరువూ పోదు.

పేరు మార్పిడి

దీనిని చాలామంది బ్రోకరు పనిగా, తీరిక దొరికినప్పుడు చేసే పనిగా చూస్తారు. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 50 ప్రకారం ఒకే రాష్ట్రంలో అమ్మకం జరిగితే అమ్మినవారు 14 రోజులలోగా, కొన్నవారు 30 రోజులలోగా రవాణా శాఖకు తెలపాలి. దానికి ఫారం 29, ఫారం 30 ఉంటాయి. బండి వేరే రాష్ట్రానిదైతే అక్కడి నుండి ఎన్‌ఓసి కావాలి. ఫైనాన్సుమీద కొన్న బండి అయితే అప్పు తీరినట్టు ఫైనాన్సువారు ఇచ్చే కాగితం, ఫారం 35 చూడనిదే అడ్వాన్సు కూడా ఇవ్వవద్దు. సంతకం చేసిన ఖాళీ ఫారాలు ఇచ్చి "మీకు వీలైనప్పుడు మార్చుకోండి" అనేవారిని నమ్మి ఊరుకోవద్దు.

అమ్మేవారికీ ఒక మాట. 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు, రికార్డులో ఎవరి పేరుంటే వారినే యజమానిగా చూడాలని, నష్టపరిహారం బాధ్యత వారిదేనని తీర్పు చెప్పింది. బండి చేతులు మారి ఎంత కాలమైనా పేరు మారకపోతే, దాని వలన జరిగిన ప్రమాదానికి నోటీసు మీ ఇంటికే రావచ్చు. కనుక పేరు మార్పిడి ఇద్దరికీ క్షేమం. ఇద్దరూ కలిసి ఆ పని పూర్తి చేసుకోండి.

రిజిస్ట్రేషన్ గడువు 15 సంవత్సరాలు. మరీ పాత బండి చవకగా వస్తుందంటే ఆ గడువు ఎంత మిగిలిందో చూడండి. ఆర్‌సిలో ఉన్న ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు బండిమీద ఉన్నవాటితో సరిపోవాలి. చెల్లించని చలానాలు ఉన్నాయేమో చూసుకోండి. ఈ వివరాలు చూడడం రాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లల సాయం తీసుకోండి. ఎం-పరివాహన్‌లో బండి నంబరు కొడితే చాలావరకు తెలుస్తాయి.

ఇన్సూరెన్సు

థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు లేకుండా రోడ్డుమీద బండి నడపడం నేరం. 2019లో సవరించిన చట్టం ప్రకారం మొదటిసారికి 2,000 రూపాయల జరిమానా, లేదా 3 నెలల వరకు జైలు, లేదా రెండూ. కాని జరిమానా భయంతో కాదు, పొరుగువాని నిమిత్తం ఆలోచించండి. మన బండి తగిలి ఒక కూలీ మనిషి కాలు విరిగితే అతని కుటుంబం ఎలా బ్రతకాలి? ఇన్సూరెన్సు ఉంటే పరిహారం కంపెనీ ఇస్తుంది. లేకపోతే కోర్టు ఆ భారం యజమానిమీద పెడుతుంది. మన పొలం అమ్మాలి, లేదా అతడు పస్తులుండాలి. 75 నుండి 150 సీసీ బండికి 2022 జూన్ నుండి అమలైన థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 714 రూపాయలు, పన్ను అదనం. రోజుకు రెండు రూపాయల లెక్క!

2018 సెప్టెంబరు నుండి కొత్త బండ్లకు 5 సంవత్సరాల థర్డ్ పార్టీ పాలసీ ఇస్తున్నారు. అయిదేళ్ళలోపు బండి కొంటే అది ఇంకా నడుస్తూ ఉండవచ్చు. బండి చేతులు మారినా ఆ థర్డ్ పార్టీ రక్షణ బండితోపాటే వస్తుంది. అది ఎదుటివారి కోసం. కొన్నవారి కోసం కాదు. పాలసీని మన పేరుకు మార్చమని 14 రోజులలోగా కంపెనీకి దరఖాస్తు చేయాలి.

పైన చెప్పిన 15 లక్షలు యజమాని వ్యక్తిగత ప్రమాద బీమా. చనిపోయినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా మొత్తం, ఒక చేయి గాని, కాలు గాని, కన్ను గాని పోతే సగం ఇస్తారు. దీనికి మూడు షరతులు ఉన్నాయి. బండి మన పేరున రిజిస్టరై ఉండాలి. పాలసీ మన పేరున ఉండాలి. చెల్లుబాటులో ఉన్న డ్రైవింగ్ లైసెన్సు ఉండాలి. ఆసుపత్రి ఖర్చు ఈ బీమాలో రాదు. వెనుక కూర్చున్న భార్యకు, స్నేహితునికి కూడా థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే రక్షణ లేకపోవచ్చు. పాలసీ తీసుకునేటప్పుడే వెనుక కూర్చునేవారి మాట అడిగి, చేర్పించుకోండి.

హెల్మెట్, దుస్తులు

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాలమీద వెళ్తున్నవారే. హెల్మెట్ లేక ప్రాణం పోగొట్టుకున్నవారు 50,029 మంది, అందులో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. అనేక పరిశోధనలను కలిపి చూసిన ఒక సమీక్ష 2008లో, హెల్మెట్ వలన మరణ ప్రమాదం సుమారు 42 శాతం, తల గాయాల ప్రమాదం 69 శాతం తగ్గుతుందని తేల్చింది. ఇంత మేలు చేసే మందు మా ఫార్మసీలో ఒక్కటీ లేదు.

బండి సెకండ్ హ్యాండ్‌ది కొనవచ్చు, హెల్మెట్ మాత్రం కొత్తదే కొనాలి. లోపల ఉన్న థర్మోకోల్ పొర నలిగి దెబ్బను తాను భరిస్తుంది. ఒకసారి నలిగినది మరల కోలుకోదు. పైకి బాగా కనిపించినా లోపల ఏమి జరిగిందో మనకు తెలియదు. ఐఎస్ 4151 అని, ఐఎస్‌ఐ గుర్తు ఉన్నదే తీసుకోండి. 2021 జూన్ 1 నుండి ఆ గుర్తు లేనివి అమ్మకూడదని నిబంధన ఉంది, అయినా రోడ్డు పక్కన టోపీల వంటివి అమ్ముతూనే ఉన్నారు. పెట్టుకుని తల ఊపితే హెల్మెట్ తలతోపాటు కదలాలి, వదులుగా తిరగకూడదు. గడ్డం కింద పట్టీ పెట్టుకోకపోతే పడినప్పుడు తలకంటే ముందు హెల్మెట్ ఎగిరిపోతుంది. అక్కచెల్లెళ్ళు కొప్పు పెట్టుకుంటే హెల్మెట్ సరిగా దిగదు. జడ కిందికి వేసుకుని పెట్టుకోండి.

మన ఎండలలో తోలు కోటు వేసుకోమని మేము చెప్పము. చెప్పులకు బదులు బూట్లు, మందమైన ప్యాంటు, పూర్తి చేతుల చొక్కా, చేతులకు గ్లౌజులు ఉంటే చాలు. పడేటప్పుడు ఎవరైనా ముందు అరచేతులు ఆనిస్తారు. చెప్పులు వేసుకున్నవారి కాలివేళ్ళకు మేము ఎన్ని కుట్లు వేశామో! షుగరు ఉన్నవారికి ఆ చిన్న పుండే నెలల తరబడి మానదు. చీర కొంగు, చున్నీ చక్రంలో చిక్కుకోకుండా వెనుక చక్రానికి గార్డు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 123వ నియమం చెప్తుంది. పాత బండ్లకు అందం కోసం దానిని తీసేస్తారు. కొనగానే పెట్టించండి.

బండి చూసేటప్పుడు మీకు నమ్మకమైన మెకానిక్‌ను వెంట తీసుకువెళ్ళండి. చల్లగా ఉన్న ఇంజిన్‌ను స్టార్టు చేసి చూడాలి. నీలిరంగు పొగ వస్తే ఆయిల్ మండుతున్నట్టే. హ్యాండిల్ ఒక పక్కకు లాగితే ఆ బండి ఎప్పుడో పడి ఉండవచ్చు. పెయింటు మెరుపు చూసి మోసపోక టైర్లు, బ్రేకులు, లైట్లు చూడండి. రాత్రిపూట మనల్ని కాపాడేవి అవే.

కొందరు విశ్వాసులు "దేవుడే కాపాడతాడు, హెల్మెట్ ఎందుకు?" అంటారు. వారి విశ్వాసాన్ని మేము తక్కువ చేయము. అయితే ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో, కొత్త ఇల్లు కట్టుకునేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలని ఉంది. ఎవరైనా పడి చనిపోతే ఆ అపరాధం ఇంటిమీదికి రాకూడదని కారణం కూడా ఉంది. పిట్టగోడ కట్టినవాడికి దేవునియందు నమ్మకం లేదని ఎవరూ అనరు. హెల్మెట్ మన పిట్టగోడ. ఇన్సూరెన్సు మన పొరుగువానికి కట్టిన పిట్టగోడ.

కాబట్టి పాస్టరుగార్లకు మా మనవి. బండి ప్రార్థనకు వచ్చినప్పుడు ముందు మూడు అడగండి: పేరు మారిన ఆర్‌సి, ఆ పేరుమీదే ఉన్న ఇన్సూరెన్సు, రెండు హెల్మెట్లు. లేకపోతే కోపగించక, "వచ్చే ఆదివారం తీసుకురా నాయనా, అప్పుడు ప్రార్థన చేద్దాం" అనండి. మా మాటకంటే మీ మాట వారికి ఎక్కువ.

ఒక విషయం ఒప్పుకోవాలి. మా సిబ్బందిలోనే కొందరు హెల్మెట్‌ను అద్దానికి తగిలించుకుని గేటులోకి వస్తున్నారు. తల గాయాలకు కట్లు కట్టే చేతులే అలా చేస్తే మా మాటకు బలమెక్కడిది? ముందు మా గేటు దగ్గరే ఈ పని మొదలుపెట్టాలని మాలో మేము చెప్పుకున్నాము. మీరు ఆసుపత్రికి వచ్చినప్పుడు మాలో ఎవరైనా హెల్మెట్ లేకుండా కనిపిస్తే మొహమాటపడక అడగండి.

ఆ కుర్రవాడు ఇప్పుడు నెలకు రెండుసార్లు ఫిజియోథెరపీకి వస్తున్నాడు. వాళ్ళ నాన్నగారే ఆటోలో తీసుకువస్తారు. మొన్న ఎడమ చేత్తో తన పేరు రాసి చూపించాడు. అతని కోసం ప్రార్థించండి. మీ ఇంట్లో బండి కొనబోతున్న బిడ్డ ఉంటే, ఈ పత్రిక అతని చేతికి ఇవ్వండి.

దేవుడు మీ రాకపోకలన్నిటిలో మీకు తోడైయుండును గాక.